యాభై ఏడు కిటికీల చెట్టు

తూర్పు నుంచి పియోరియాకి వచ్చే రోడ్డు కొండ దిగుతూ ఒక మలుపు తిరుగుతుంది. అక్కడ నదీ, నది వెనక నిలబడ్డ భవనాలూ ఒక్కసారిగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఏదో మహానగరం వచ్చేసిందనుకుంటారు. వంతెన దాటి నాలుగు సిగ్నళ్లు పోయేసరికి ఎత్తు భవనాలు అయిపోతాయి. షికాగో నుంచి వచ్చే చుట్టాలు దీని మీద మమ్మల్ని ఆటపట్టిస్తూనే ఉంటారు. అయినా ఆ మలుపులో కారు కాస్త నెమ్మది చేయని పియోరియా మనిషిని నేను చూడలేదు.

ఆ వరసలో ఎడమ నుంచి నాలుగోది పాత బీమా భవనం. పద్దెనిమిది అంతస్తులు. నది వైపు ఒక్కో అంతస్తుకీ పదకొండు కిటికీలు. ఒర్లీన్ పెట్‌వే ముప్పై నాలుగేళ్లుగా అందులో పనిచేస్తోంది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఊడ్చే పనికి చేరింది. ఇప్పుడు అక్కడ శుభ్రం చేసేవాళ్లందరికీ పెద్ద.

ఆమె పుట్టిన ఇల్లు ఊరికి దక్షిణాన, విస్కీ కార్ఖానాల దగ్గర. తండ్రి అక్కడే సీసాలు నింపేవాడు. వాళ్ల వెనక వాకిట్లోంచి చూస్తే ధాన్యం గోదాము కప్పు మీదుగా మూడు భవనాల తలలు మాత్రమే కనిపించేవి. వాటిలో బీమా భవనం ఒకటి. మొదటిరోజు ఆమె ఇస్త్రీ చేసిన జాకెట్టు వేసుకుని బయల్దేరుతుంటే తండ్రి గుమ్మంలో నిలబడి, "ఊడ్చడానికేగా వెళ్లేది, ఇంత సింగారం దేనికి?" అన్నాడు. "పదిహేడో అంతస్తు ఊడ్చాలి నాన్నా, అక్కణ్నుంచి మన ఇల్లు కనబడుతుందేమో," అంది ఆమె. కనబడలేదు. గోదాము అడ్డం.

ఏటా నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, శుక్రవారం సాయంత్రం, ఆ భవనం కిటికీల్లో క్రిస్మస్ చెట్టు వెలుగుతుంది. కొత్త సంవత్సరం దాకా రోజూ ఐదున్నర నుంచి పది వరకూ ఉంటుంది. బయట దీపాలేవీ కట్టరు. నది వైపున్న నూట తొంభై ఎనిమిది కిటికీల్లో యాభై ఏడు వెలగాలి, మిగతావి చీకటిగా ఉండాలి, అంతే. వెలగాల్సిన కిటికీ గట్టు మీద తెల్లకార్డు అంటిస్తారు. అంటే తెర ఎత్తి, దీపం వేసి వెళ్లాలని. నల్లకార్డు ఉంటే తెర దించి, దీపం ఆర్పి వెళ్లాలి. బీమా గుమాస్తాలు ఐదింటికల్లా ఇళ్లకు పోయేవాళ్లు. వెళ్తూ వెళ్తూ కార్డు చూసేవాళ్లు. ఎవరైనా మరిచిపోతే ఒర్లీన్ మనుషులు సరిచేసేవాళ్లు.

ఆ పని ఆమె చేతికిచ్చింది రూపర్ట్ అనే పాత సూపర్‌వైజరు. అప్పట్లో బొమ్మ చెట్టు కాదు, కొవ్వొత్తి. దాని మంట గాలికి కాస్త కుడివైపు వాలినట్టు ఉండేది. మొదటి ఏడాది ఒర్లీన్ ఏ కిటికీలు వెలగాలో గీసి ఉన్న పటం చేత్తో పట్టుకుని, అంతస్తు తర్వాత అంతస్తు తిరిగి, ఒక్కటీ తప్పకుండా కార్డులు అంటించింది. పటం నది అవతల నుంచి చూసేవాడి కోసం గీసింది. లోపల నిలబడ్డ మనిషికి కుడి ఎడమవుతుంది. మంట ఎడమకి వాలింది. రూపర్ట్ కేకలేయలేదు. మర్నాడు సాయంత్రం తన పికప్‌లో వంతెన దాటించి, తూర్పు ఒడ్డున నిలబెట్టి, చేతికి కాఫీ ఇచ్చి, "చూడు," అన్నాడు. చాలాసేపు చూసి, "మంట అటు తిరిగింది," అంది ఆమె. "గాలి మారిందని చెప్పుకుందాంలే. కానీ ఏటా మొదటి రోజు మాత్రం ఇక్కడికొచ్చి చూడు," అన్నాడు రూపర్ట్. ఆ తర్వాత ఆమె రెండు పటాలు గీయడం మొదలుపెట్టింది, బయట నుంచి చూసేది ఒకటి, లోపల నుంచి చూసేది ఒకటి. ఇన్నేళ్లలో ఒక్క కిటికీ తప్పలేదు.

రెండేళ్ల కిందట బీమా వాళ్లు ఖాళీ చేశారు. కొన్నవాళ్లు కింది పది అంతస్తులు ఆఫీసులకే ఉంచి, పదకొండు నుంచి పైన ఫ్లాట్లు కట్టారు. ఈ వేసవిలో జనం దిగారు. సెప్టెంబరులో ఒర్లీన్ పటం ముందేసుకుని కూర్చుంటే అసలు చిక్కు అర్థమైంది. వెలిగించడం కష్టం కాదు. ఫ్లాట్లలో అరవై ఐదు కిటికీలు చీకటిగా ఉండాలి. గుమాస్తాలు ఐదింటికి వెళ్లిపోయేవాళ్లు. వీళ్లు ఐదింటికి ఇంటికొస్తారు.

కొత్త మేనేజరు ట్రెంట్ వాస్‌కి ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడే.

"మిస్ ఒర్లీన్, మొదటి రోజు ఆరింటికి పేపరు వాళ్లు అవతలి ఒడ్డు నుంచి ఫోటో తీస్తారు కదా. ఒక్క కిటికీ తేడా వచ్చినా ఊరంతా అదే మాట్లాడుకుంటుంది," అన్నాడు.

"తేడా రాదు."

"వస్తే మాత్రం వచ్చే ఏటి నుంచి బయట దీపాల తీగలు వేయించేద్దాం. కంప్యూటరే చూసుకుంటుంది. మీకూ ఈ తిరుగుడు తప్పుతుంది."

ఆ మాట అతను మంచికే అన్నాడు. ఒర్లీన్ ఆ రాత్రి భోజనం దగ్గర చెల్లెలితో, "నాకు తిరుగుడు తప్పిస్తాడట," అని రెండుసార్లు అంది.

ఆమె నది వైపున్న ముప్పై ఒక్క ఇళ్ల తలుపులూ తట్టింది. లోపలి వెలుగు బయటికి పొక్కని మందపాటి నల్లతెరలు పట్టుకెళ్లింది. ఒప్పుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించుకుంది. చాలామంది సంతోషంగానే పెట్టారు. పన్నెండో అంతస్తులో ఉత్తరం కొసన ఉండే ఎమ్మెట్ బొహానన్ దగ్గరే ఆలస్యమైంది. ఆయన ముప్పై ఏళ్లు నది మీద సరుకు పడవలు నడిపి రిటైరయ్యాడు.

"నెల్లాళ్లు చీకట్లో కూర్చోవడానికి నేనేమైనా పుట్టగొడుగునా?" అన్నాడు.

"లోపల ఎన్ని దీపాలైనా వేసుకోండి. ఈ తెర దించితే చాలు."

"తెర దించితే నదెలా కనబడుతుంది? నా మూడు కిటికీలూ మూస్తానంటావేమిటి?"

"ముప్పై ఏళ్లు దాని మీదే ఉన్నారుగా, ఇంకా మొహం మొత్తలేదా?"

"పెళ్లాంతో ముప్పై ఏళ్లున్నవాణ్ని ఆ మాట అడుగుతావా?"

"కొందరిని అడుగుతాను."

ఆయన పెద్దగా నవ్వి సంతకం పెట్టాడు. "జనవరి ఒకటో తారీఖున పొద్దున్నే నువ్వే వచ్చి ఎత్తాలి. నేను ముట్టుకోను," అన్నాడు.

శుక్రవారం నాలుగున్నరకే పొద్దు వాలింది. ఐదింటికి ఒర్లీన్ ఒక్కో అంతస్తూ ఆఖరిసారి చూసుకుని, వంతెన దాటి తూర్పు ఒడ్డుకు చేరింది. పేపరు ఫోటోగ్రాఫరు అప్పటికే మూడుకాళ్ల స్టాండు నిలబెట్టుకుని చేతులు రుద్దుకుంటున్నాడు. ఇరవై ముప్పై కార్లు ఆగి ఉన్నాయి. ఎవరో పిల్లలకి వేడి చిల్లీ సూపు గిన్నెలు అందిస్తున్నారు.

ఐదున్నరకి చెట్టు వెలిగింది. కార్ల హారన్లు మోగాయి. ఒర్లీన్ పై నుంచి కిందికి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. యాభై ఎనిమిది.

పన్నెండో అంతస్తులో ఎడమ నుంచి మూడో కిటికీ వెలుగుతోంది. ఆ వరసలో మధ్యనున్న ఐదే వెలగాలి. చెట్టు పక్కన ఎవరో వేలు పెట్టినట్టు ఒక్క ముక్క బయటికి పొడుచుకొచ్చింది.

కింద కాపలా బల్ల దగ్గరున్న వెండెల్‌కి ఫోన్ చేసింది.

"పన్నెండో అంతస్తు, సలీబా వాళ్లిల్లు. తెర దించలేదు. వెళ్లి చూడు."

"కూతురు సంతకం పెట్టిందండీ. ఆవిడకి ఆస్పత్రిలో డ్యూటీ, నాలుగింటికే వెళ్లిపోయింది."

"మరి లోపలెవరున్నారు?"

"తల్లి ఉంటుంది. మత్తిల్డా గారు. ఫోన్ పెట్టేయకండి, లిఫ్టులో ఉన్నాను."

కాసేపటికి తలుపు తట్టిన చప్పుడు, నెమ్మదిగా అడుగులు, ఒక ముసలి గొంతు వినిపించాయి.

"రా నాయనా, కిబ్బె తింటావా? ఇంకా వేడిగానే ఉంది."

"వద్దండీ పెద్దమ్మా. ఈ కిటికీ తెర దించాలి."

"ఇప్పుడా? నాలుగింటి నుంచి ఇక్కడే కూర్చున్నాను, చెట్టు కోసం. ఈ ఏడు ఇంకా వెలిగించలేదేం?"

"చెట్టు వెలిగిందండీ. అది ఈ భవనమే. మీరు కూర్చున్నది దాని పక్కనే."

"ఈ భవనమా?"

"అవునండీ."

"తూర్పు ఒడ్డున మా వంటింటి కిటికీలోంచి ఇరవై రెండేళ్లు చూశాను. అది ఏ భవనమో నేనెప్పుడూ అడగలేదు. నది మీద చెట్టు, అంతే కదా." కుర్చీ కదిలిన చప్పుడైంది. "అయితే నేను చెట్టులో ఉన్నానా?"

"లేరండీ. చిక్కు అక్కడే వచ్చింది. మీ కిటికీ చీకటిగా ఉండాలి."

"ఇన్నేళ్లు చూసినదాన్ని, ఇప్పుడు దీంట్లోకే కాపురానికొస్తే నాకు చీకటి కిటికీనా? ఎవరు చెప్పారు?"

"పటంలో అలా ఉందండీ."

"పటం గీసినవాళ్లని పిలువు. నేను మాట్లాడతాను."

వెండెల్ గొంతు తగ్గించాడు. "మిస్ ఒర్లీన్, సంతకం ఉంది. దించేయమంటారా? అయిదు నిమిషాలు తక్కువ ఆరు."

నదికి అవతల పన్నెండో అంతస్తు కిటికీలో మనిషి నీడ ఒకటి అటూ ఇటూ కదిలింది. దించమంటే దించుతాడు. యాభై ఏడు వస్తుంది. ఫోటో వస్తుంది. ట్రెంట్ వాస్ సంతోషిస్తాడు. ఆ నల్లతెర వెనక ముసలావిడ నెల్లాళ్లు కూర్చుంటుంది. తాను దేన్ని చూసేదో, దేంట్లో లేదో ఇప్పుడామెకి తెలుసు. ఒర్లీన్ పన్నెండో వరసని కొస నుంచి కొసకి చూసింది. కుడి నుంచి మూడో కిటికీ బొహానన్‌ది.

"వెండెల్, తెర ముట్టుకోకు. అదే అంతస్తులో ఆ చివరికి పరిగెత్తు. బొహానన్ గారి తలుపు కొట్టు. ఆయన మూడు కిటికీల్లో చెట్టు వైపుదొక్కటి ఎత్తించు. దీపం దగ్గరికి జరపమను. ఆ ఒక్కటే. మిగతా రెండూ అలాగే ఉంచాలి."

పరిగెత్తిన బూట్ల చప్పుడు. తలుపు. తర్వాత గదంతా దద్దరిల్లే గొంతు.

"ఏమిటీ? దించమని చంపుకుతిన్నది ఆవిడే, ఎత్తమనేదీ ఆవిడేనా?"

"అవునండీ, తొందరగా."

"జనవరి ఒకటి ఎప్పుడొచ్చింది? నాకెవరూ చెప్పలేదే! నేను ముట్టుకోనని చెప్పాను కదా, నువ్వే ఎత్తు."

కుడివైపు మూడో కిటికీ వెలిగింది. చెట్టుకి నడుము దగ్గర, రెండు పక్కలా సమంగా, చెరో కొమ్మ వచ్చింది. ఒర్లీన్ మళ్లీ లెక్కపెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. ఫోటోగ్రాఫరు వరసగా పది పన్నెండు ఫోటోలు తీశాడు.

"నిరుటిలాగే చక్కగా ఉందండీ," అన్నాడు స్టాండు మడుస్తూ.

"నిరుటిలా లేదు," అంది ఒర్లీన్. అతను మళ్లీ ఒకసారి అటు చూసి తల ఊపాడు. ఏం తేడా ఉందో అడగలేదు.

సోమవారం ట్రెంట్ వాస్ పేపర్లోని ఫోటో కత్తిరించి లిఫ్టుల పక్కన అంటించాడు. "ఒక్కటీ తప్పలేదు," అన్నాడు. ఒర్లీన్ కొత్త పటాలు రెండూ అతని బల్ల మీద పెట్టి, యాభై తొమ్మిదని చెప్పింది. అతను అంకె పట్టించుకోలేదు. "వచ్చే ఏడు కూడా మీరే చూడండి," అని సంతకం చేశాడు.

ఆమె అక్కణ్నుంచి నేరుగా పన్నెండో అంతస్తుకి వెళ్లింది. మత్తిల్డా సలీబా తలుపు తీసి, ఎవరో తెలుసుకుని, చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"దీపం ఎన్నింటి దాకా ఉండాలి?" అని అడిగింది.

"పది దాకా."

"అమ్మో. నేను ఎనిమిదింటికే పడుకుంటాను తల్లీ. దీపం వదిలేసి పడుకుంటే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"వెండెల్‌ని పదింటికి వచ్చి ఆర్పమంటాను. తాళంచెవి ఒకటి అతనికివ్వాలి మరి."

వెండెల్‌కి యాభై రెండేళ్లు.

"ఆ కుర్రాడికా? సరే. కానీ బూట్లు గుమ్మంలో విప్పి రమ్మను. ఆ రోజు ఇల్లంతా తొక్కి పోయాడు."