ఆఖరి చరణంలో పేరు

పేరు కోసం పాకులాడే గాయకులను వెక్కిరించే ఆ రాక్ పాట నేను కట్టింది కాదు. కేసెట్ మీద నా పేరే ఉంది కనుక ఈ మాట నేనే చెప్పాలి.

తొంభైల చివర్లో పలాస స్టేషనులో, గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్తున్న డొంకూరు మత్స్యకారుడొకడు నా గిటారు చూసి పక్కన కూర్చున్నాడు.

"ఏటి బావా, సినిమాలోకెళ్లిపోతావేటి? నీలాటోళ్ల మీదే ఒక పాట కట్టినాను. మావోళ్లకి ఇంకా ఇనిపించనేదు" అని ఎత్తుకున్నాడు.

"అట్ట మీద మూతి నాది, లోన పాటెవడిదో!"

నవ్వుకుంటూ నాలుగు చరణాలూ రాసుకున్నాను. వల లాగే పాటల్లో ఆఖరి చరణంలో కట్టినవాడి పేరు, ఊరు పలకడం వాళ్ల ఆనవాయితీ. రైలెక్కుతూ, "కేసెట్ సేత్తే సెయ్యి గానీ, ఆ పేరు తియ్యకు బావా" అన్నాడు.

నేను దాన్ని రాక్ పాటగా మార్చి కేసెట్ చేశాను, ఆఖరి చరణంలో అతని పేరు తీసేసి నా పేరు పెట్టుకున్నాను. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ పాటతోనే నన్ను గుర్తుపట్టారు. రాసుకున్న కాగితం పోయింది, అతని పేరూ మరచిపోయాను.

కొన్నేళ్లకు అతన్ని వెతుక్కుంటూ డొంకూరు వెళ్లాను. తీరాన వల లాగుతున్నవాళ్లు ఆ పాటే పాడుతున్నారు, నా పేరుతో సహా. నన్ను పోల్చుకున్న కుర్రాడొకడు, "నీ పాటే మావా, ఊరందరికీ నోటికొచ్చేసింది" అన్నాడు సంబరంగా.

నేను కాదనలేదు.