సారు అడిగే మాట

నాందేడ్ కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన సారు, పాఠం మధ్యలో రాయడం ఆపి సుద్దముక్క మా వైపు చూపేవారు. "గాళ్లను అడిగిన్రా?"

ఆ రోజు పాఠం కాన్సాస్ గురించి. అమెరికాలో అంతర్యుద్ధానికి ముందు, కొత్తగా జనం చేరిన కాన్సాస్‌లో బానిసలు ఉండాలా వద్దా అని ఓట్లు పెట్టుకుని, దాని మీదే కొట్టుకు చచ్చారు. బానిసలను మాత్రం ఎవరూ అడగలేదు, వాళ్లకు ఓటే లేదు. సారు మాటను నేను పరీక్ష కోసం రాసుకున్నాను.

ఓ ఉగాదికి ఆయన ముఖేడ్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా వైపు పొలంపనికి ఏడాది జీతగాణ్ణి, అంటే పాలేరును, మాట్లాడుకునేది ఆ రోజే.

"గీ సాలు నా చేన్ల ఉంటడు" అన్నాడు చిన్నాయన, మా జీతగాణ్ణి చూపిస్తూ.

"ఎట్ల ఉంటడు? నా మనిషి" అన్నాడు బాపు.

జీతగాడు గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. సారు విస్తరి ముందు నుంచి లేచి అతని దగ్గరికి వెళ్లారు.

"అన్నా, నువ్వేమంటవ్?"

"నా బిడ్డ హిమాయత్‌నగర్ల చదువుతున్నది. ఆడనే కూలి చేసుకుంట సార్."

పదకొండేళ్లు మా చేలో పనిచేసిన మనిషి. సారు ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్న నేను కూడా అతన్ని ఒక్కసారైనా అడగలేదు.