కవరు తీయని సీటు

2002 నుంచి 2008 వరకు దుబాయ్‌లో నేను చేసిన ఉద్యోగం ఇతరుల కార్లలో కూర్చోవడం. వినేవారికి వేళాకోళంగా తోచవచ్చు గానీ, జపాన్ కార్లు దిగుమతి చేసుకుని అమ్మే మా సంస్థకు అది అవసరమైన పనే. పోటీ సంస్థల నుంచి కొత్త బండి ఏది వచ్చినా ఒకటి తెప్పించి, దాని లోపలి భాగాన్ని మా బండితో పోల్చి నివేదిక రాయాలి. డ్యాష్‌బోర్డు పలకల మధ్య సందు ఎంత ఉంది, ఆ సందు ఎడమ వైపూ కుడి వైపూ సమానంగా ఉందా, మీట నొక్కడానికి వేలికి ఎంత బలం కావాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిని ఏసీ ఎంతసేపట్లో ఇరవై నాలుగు డిగ్రీలకు తెస్తుంది, ఆగస్టు వేడికి ఏ ప్లాస్టిక్ జిగురు తేలుతుంది అన్నవి అందులో ఉండాలి. సందులు కొలిచే పలుచని ఉక్కు రేకుల కట్ట ఎప్పుడూ నా జేబులో ఉండేది. ‘బాగుంది’ అన్న మాటను నా నివేదికల్లో ఎన్నడూ వాడలేదు. అది కొలత కాదు గనక.

అయితే కొలతకు లొంగని సంగతి ఒకటి ఉందని కూడా నాకు ఆ ఉద్యోగమే చూపించింది. 2004లో మా ముదీర్, అంటే మా విభాగాధిపతి, ఒక పరీక్ష పెట్టించాడు. కొనుగోలుదారులను పిలిచి, స్టీరింగు మీది సంస్థ గుర్తును గుడ్డతో కప్పి, నాలుగు దేశాల కార్లలో కూర్చోబెట్టి అభిప్రాయం అడగాలి. తరువాత గుడ్డ తీసి మళ్లీ అడగాలి. గుడ్డ ఉన్నంతసేపూ కొరియా బండి సీటును మెచ్చుకున్నవారే, గుడ్డ తీయగానే ఆ సీటులో ఏదో లోపం కనిపెట్టారు. ఒకే రకమైన గట్టి ప్లాస్టిక్‌ను కొరియా బండిలో ‘నాసిరకం’ అన్నారు, జర్మనీ బండిలో ‘దృఢమైన పనితనం’ అన్నారు. రెండింటి గట్టిదనాన్నీ నేను పరికరంతో కొలిచాను. తేడా లేదు. ఆ నివేదిక చదివి ముదీర్ నవ్వి, జనం కూర్చునేది సీటు మీద కాదు, పేరు మీద అన్నాడు.

2006 మార్చిలో నా భార్యకు రొమ్ము కాన్సరని తేలింది. మాకు పిల్లలు లేరు. షార్జాలో రెండు గదుల ఫ్లాటులో మేమిద్దరమే ఉండేవాళ్లం. కుడి వైపు శస్త్రచికిత్స అయింది. ఆపైన ఆరు వారాలపాటు, వారానికి ఐదు రోజులు, అల్ ఐన్‌లో రేడియేషన్ ఇప్పించాలన్నారు. షార్జా నుంచి అల్ ఐన్ పోవడానికి సుమారు నూట యాభై కిలోమీటర్లు, రావడానికి అంతే. మా పాత బండి సీటు అప్పటికే ఒక పక్కకు ఒరిగిపోయింది. అందులో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ఇరవై నిమిషాల దారికే ఆమె ముఖం నల్లబడింది. ఆ ప్రయాణం ఆమె తట్టుకోలేకపోతే చికిత్స మధ్యలో ఆగిపోతుంది. చికిత్స మధ్యలో ఆగితే ఏమవుతుందో వైద్యుడు మాకు దాచకుండా చెప్పాడు. కనుక ఆమె కూర్చోగలిగిన సీటు ఒకటి నేను వెతకాలి. జీవితంలో మొదటిసారి, నాకు తెలిసిన విద్య ఇంట్లోకి పనికివచ్చే సందర్భం వచ్చింది.

సంస్థలో పరీక్షకు ఉన్న కార్లను అనుమతితో ఒక్కొక్కటిగా ఇంటికి తీసుకువెళ్లాను. మా భవనం కింద పార్కింగు స్థలంలో, సాయంత్రం నీడ పడ్డాక, ఆమెను కళ్లు మూసుకోమని చెప్పి, స్టీరింగు మీద తువ్వాలు కప్పి, కూర్చోబెట్టేవాణ్ణి. కళ్లు మూసుకున్నాక తువ్వాలు దేనికని ఆమె అడిగేది. పద్ధతి పద్ధతేనన్న నా జవాబును ఆమె మా నెల్లూరి వైపు చుట్టాలందరికీ ఫోనులో చెప్పి నవ్వించింది.

జర్మనీ బండిలో కూర్చుని, “పెళ్లిపీట మీద కూర్చోబెట్టినట్టుంది. కదిలితే ఎవరన్నా తిడతారేమో” అంది. అమెరికా బండిలో లోపలికి కూరుకుపోయి, “ఏందండీ ఇది, దిగాలంటే ఇద్దరు మనుషులు కావాలి” అంది. మా సంస్థ జపాన్ బండిలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. తరువాత, అంతా సక్రమంగానే ఉందనీ, సక్రమంగా ఉండేవాళ్లతో ఎక్కువసేపు కూర్చోవడం కష్టమనీ అంది. ఆ మాట నన్ను ఉద్దేశించినదని నాకు తెలుసు.

కొరియా బండిలో కూర్చున్నాక ఆమె వీపును మెల్లగా వెనక్కి ఆనించింది. అరచేతితో సీటు గుడ్డను ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ నిమిరింది. నేను ఏసీ తిప్పాను, సీటు వంపు మార్చాను, ప్రశ్నలు అడిగాను. నిద్రపోయిందనుకున్నాను.

“ఈ బండి నన్నేం అడగట్లేదండీ” అంది చివరకు, కళ్లు తెరవకుండానే.

నా పట్టికలో ఆ మాట రాయడానికి గడి లేదు. ఆ సాయంత్రమే నిర్ణయం అయిపోయింది.

ఎదురింట్లో ఉండే కరీంనగర్ అతనికి ఈ సంగతి మింగుడుపడలేదు. జెబెల్ అలీలో గిడ్డంగి పర్యవేక్షకుడిగా చేసేవాడు, మా ఇద్దరికీ చనువున్న మనిషి. అదే రకం కొత్త బండి కొని నేను ఇంటికి తెచ్చిన రోజు కిందికి దిగి, చుట్టూ తిరిగి, తలుపు ఒకసారి వేసి తీసి, పెదవి విరిచాడు.

“అన్నా, కార్ల సంగతి తెల్సినోనివి నువ్వు. నువ్వే గీ కొరియా డబ్బా కొంటే మేమేం గావాలె? రేపు అమ్మబోతే ఎవడు ముడుతడు? ఖలాస్.”

నేను కొలతలు చెప్పబోయాను. ఆమె అడ్డు వచ్చింది. “కూర్చునేది నేను తమ్ముడూ. అమ్మేటప్పటి సంగతి మీ అన్న చూసుకుంటాడు.”

ముగ్గురం నవ్వుకున్నాం.

కొత్త బండి సీట్లకు కర్మాగారంలో తొడిగిన పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. వాటిని తీయకపోవడం అక్కడ మనవాళ్ల ఆచారం. మనవాళ్లదే కాదు, ఎడారి దేశమంతటా ఉన్నదే. అయినా మనవాళ్లు దాన్ని రిమోటుకూ, ఫ్రిజ్ పిడికీ, సూట్‌కేసుకూ విస్తరించారు. మా ఇంట్లో టీవీ రిమోటు కొన్ననాటి కవరులోనే ముసలిదయింది. ఆ కవరు వేడిని పట్టి ఉంచుతుందనీ, చెమట పీల్చదనీ, ఒంటికి అంటుకుంటుందనీ నేనే ఎన్నో నివేదికల్లో రాశాను. కాబట్టి తీసేద్దామన్నాను. ఆమె వద్దంది. చికిత్స అయిపోయిన రోజున తన చేతులతో తానే చింపుతానంది. దేవుడికి మొక్కుకున్నట్టే అనుకోమంది.

“ఏ గుడ్డను నిమిరి ఈ బండి కావాలన్నావో ఆ గుడ్డనే తాకకుండా కూర్చుంటావా?” అన్నాను.

“తాకుతాగా. ఎంత, ఆరు వారాలేగా.”

ఆమె నూలు చీర ఒకదాన్ని నాలుగు మడతలు వేసి కవరు మీద పరిచాను. జూన్‌లో ప్రయాణాలు మొదలయ్యాయి. సంస్థ నా పని వేళలు మార్చింది. ఉదయం ఎమిరేట్స్ రోడ్డు మీద లారీల మధ్య నుంచి బయటపడి అల్ ఐన్ దారి పట్టాక, ఇసుక తెలుపు నుంచి ఎరుపుకు తిరిగే చోట ఆమె కొంచెం నిటారుగా కూర్చునేది. కంచె అవతల ఒంటెలు కనిపిస్తే వాటిలో ఒకటి మా మేనత్తలా నడుస్తోందనేది. అక్కడ స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది గనక ఆమె కూర్చున్నది కుడి వైపు. సీటుబెల్టు సరిగ్గా శస్త్రచికిత్స జరిగిన చోటి మీదుగా వచ్చేది. మధ్యలో చిన్న దిండు పెట్టుకున్నా, రెండో వారానికి చర్మం కమిలి, ఆ దిండు కూడా భరించలేకపోయింది. అలాంటప్పుడు బెల్టు విప్పేసేది. విప్పగానే ముందు పలకలో ఎర్రదీపం వెలిగి, ఆగకుండా గంట మోగేది.

“చూడండి, తిడతా ఉంది. ఏమీ అడగదనుకున్నా, దీనికీ నోరుంది” అని మళ్లీ తగిలించుకునేది.

ఆ ఆరు వారాలూ ఒక్క రోజు తప్పకుండా పూర్తయ్యాయి. ఆ సీటు చేయవలసిన పని చేసింది. నా పోలికలన్నిటిలోనూ సరైనదని రుజువైన నిర్ణయం ఏదని ఎవరైనా అడిగితే దాన్నే చూపుతాను.

చివరి రోజున ఆమె గోళ్లతో కవరు అంచును పట్టుకుంది. అంతలో, వచ్చే నెల స్కాన్ చూశాకే అయిపోయినట్టని వైద్యుడు అన్న మాట గుర్తొచ్చి వదిలేసింది. ఆ స్కానులో వ్యాధి కాలేయంలో కనిపించింది. ఇంటికి వచ్చే దారిలో ఒంటెలు కనిపించాయి. ఆమె వాటిని చూసి చీర మడత సర్దుకుంది. నేను బండి ఆపి కవరు తీసేస్తానన్నాను. “ఇంకా అవలేదుగదండీ” అంది. మందులు మార్చారు. మళ్లీ అల్ ఐన్ ప్రయాణాలు, ఈసారి మూడు వారాలకొకటి.

సెప్టెంబరులో ఆ దేశంలో వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. ఏ రోజు ఏదో అందరూ కొంతకాలం తడబడ్డారు. నాకు మాత్రం ఆసుపత్రి రోజూ, ఆసుపత్రి కాని రోజూ అని రెండే ఉండేవి. ఆమె తినడం తగ్గింది. చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే తీసి బీరువాలో పెట్టింది.

నవంబరులో ఒక ఉదయం, ఎర్ర ఇసుక మొదలయ్యే చోట, ఆమె ఎప్పటిలాగే బెల్టు విప్పింది. నేను గంట కోసం ఎదురుచూశాను. మోగలేదు. ఎర్రదీపం వెలగలేదు.

ఆమె ముందు పలక వైపు వంగి చూసింది. ముఖంలో చిన్నపిల్ల సంతోషం.

“ఇవాళ నన్ను తిట్టలేదండీ. అలవాటు పడిపోయింది నాకు.”

దీపం చెడిపోలేదు. సీటు కింద బరువును పసిగట్టే పరికరం ఉంటుంది. ఒక హద్దుకు మించిన బరువు ఉంటేనే అక్కడ మనిషి ఉన్నట్టు లెక్క. అంతకు తక్కువైతే ఏ సంచో, సామానో పెట్టారనుకుని ఊరుకుంటుంది. ఆ హద్దు ఎన్ని కిలోలో నాకు తెలుసు, ఆ బండి గురించి నేనే నివేదిక రాశాను. ఈ పుటల్లో ఎన్నో అంకెలు రాశాను, ఆ అంకెను రాయలేను. “అవును, అలవాటు పడింది” అన్నాను. అల్ ఐన్ చేరేవరకూ ఆమె బెల్టు లేకుండా, ఒక చేయి చీర మడత మీద వేసి, హాయిగా కూర్చుంది.

2007 ఫిబ్రవరిలో ఆమె పోయింది. ఎదురింటి కరీంనగర్ అతను పదకొండు రోజులూ సెలవు పెట్టి నా పక్కనే ఉన్నాడు. ఆ బండి ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సంవత్సరానికి పైగా ఆ బండిలోనే ఆఫీసుకు వెళ్లివచ్చాను. చీర మడత తీసి ఇంట్లో పెట్టుకున్నాను. కవర్లు అలాగే ఉంచాను. వాటిని చింపే హక్కు నాది కాదు. 2008లో పదవీ విరమణ చేసి దేశం వదిలేముందు, బండిని షార్జాలో పాత కార్లు కొనే ఒక కడప అతని దగ్గరకు తీసుకువెళ్లాను. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. నేను ఆరేళ్లు చేసిన పనినే నా కళ్ల ముందు నా బండికి చేశాడు. తలుపు సందుల్లో వేలు పోనిచ్చి చూశాడు. డ్యాష్‌బోర్డు మీద గోరుతో గీశాడు. మీటలన్నీ నొక్కాడు. కొరియా బండి అనగానే మొదట ముఖం చిట్లించినవాడు లోపలికి చూశాక తేరుకున్నాడు.

“కవర్లు గూడా తీయలేదే సార్. బలే పెట్టుకున్నారు బండిని.”

డ్రైవరు సీటును అరచేతితో అదిమి, కుంగిందన్నాడు. ఇటు తిరిగి వచ్చి పక్క సీటును అదిమాడు. వేళ్లు మడిచి పిడికిలితో మళ్లీ అదిమాడు. కవరు పైకి లేచి యథాస్థానానికి వచ్చింది.

“ఈ సీట్లో ఎవురూ కూచోలేదా సార్?”

నా భార్య కూర్చుందన్నాను. షార్జా నుంచి అల్ ఐన్‌కు ఆమె ఎన్నిసార్లు వెళ్లివచ్చిందో, మొత్తం ఎన్ని కిలోమీటర్లో చెప్పాను. అతను మరోసారి మర్యాదకు అదిమి చూశాడు.

“తెలీనే తెలీదు సార్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది ఇది.”

అతని లెక్క తప్పు కాదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి.

నడిపి చూద్దామని అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను అటు తిరిగి పక్క సీటులో కూర్చున్నాను. ఆ బండిలో ఆ వైపు కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ప్లాస్టిక్ నడుముకు అంటుకుంది. సీటు వంపు ఆమె పెట్టుకున్న చోటే ఉంది, నా కాళ్లకు సరిపోలేదు. అతను తాళం తిప్పాడు. ముందు పలకలో ఎర్రదీపం వెలిగి, గంట మోగడం మొదలైంది.

“బెల్టు సార్” అన్నాడతను.

పెట్టుకుంటానన్నాను. బెల్టును చేత్తో పట్టుకుని, గంట మోగుతుండగా అలాగే కూర్చున్నాను. అతను నా వైపు చూశాడు, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఆగాడు.