పరగోడు కుంటలో మీసాల చేపలు

తన కుంటను చూడాలనుకునే వాళ్లను యశోదమ్మ సాయంత్రం అయిదున్నరకే రమ్మనేది. కట్ట చివరి రాతిమెట్ల మీద నిలబడి, రేకుడబ్బా మీద గరిటెతో మూడుసార్లు కొట్టి, బుట్టలోని పట్టుపురుగులు నీళ్లలోకి ఒంపేది. ఆ చోట నీళ్లు ఎసరు పొంగినట్టు కుతకుతలాడేవి.

"చూడప్పా నా బిడ్డలు! పిలిస్తే ఎట్ల వస్తాండాయో!"

శిడ్లఘట్టలో పట్టుదారం తీసే యూనిట్టులో ఇరవై రెండేళ్లు వేడినీళ్లలో చేతులు పెట్టి పనిచేసిన మనిషి ఆమె. దారం తీసేశాక గూళ్లలో మిగిలే పురుగులు చేపలకు బలమైన మేత అని అక్కడే విన్నది. నడుము పట్టేసి పని మానేశాక బాగేపల్లి పక్కనున్న సొంతూరు పరగోడుకు వచ్చి, చేపల సొసైటీ నుంచి ఊరి వెనక కుంటను మూడేళ్లకు గుత్తకు తీసుకుంది. పురుగుల మూట బస్సులో వచ్చేది. ఆ వాసనకు కండక్టరు ఆమెను దూరం నుంచే గుర్తుపట్టేవాడు.

మొదటి ఏడు కట్ల, రోహు చేపపిల్లలు ఎనిమిది వేలు వదిలింది. రెండో ఏడూ అన్నే. రెండుసార్లూ వల లాగితే మూడు బుట్టలు నిండలేదు. "ఈ ఏడు కూడా ఇంతే అయితే కుంట వేరేవాళ్లకి పోతాదమ్మా" అని సొసైటీ కార్యదర్శి బాలచంద్ర మొహం మీదే చెప్పాడు.

జూన్ చివర మీనుగారికె ఇలాఖె, అంటే సర్కారు చేపల శాఖ నుంచి ఫోను వచ్చింది. కొత్త పిల్లలతో లారీ వచ్చే బుధవారం వస్తుంది. కుంట ఒకసారి చూసిపొమ్మని యశోదమ్మ చింతామణి నుంచి వల మనిషి ఆంజనేయప్పను పిలిపించింది. ఆమె ఎప్పటిలాగే డబ్బా కొట్టింది. నీళ్లు పొంగాయి. అతను చేతివల ఆ పొంగులో ముంచి ఎత్తాడు. మూరెడు పొడవున్న నల్లటి జారుడు చేప కట్ట మీద పడి తన్నుకుంది.

"ఏమ్మా, నీ బిడ్డలకి మీసాలు మొలిచినాయే!"

"ఇదేందప్పా? నేనేసింది కట్ల గదా!"

"ఆఫ్రికా క్యాట్‌ఫిష్. సర్కారు పెంచొద్దన్న చేప. యాడో దొంగగా పెంచే గుంత వానకి తెగి వచ్చుంటాయి."

కత్తితో పొట్ట కోశాడు. లోపల పట్టుపురుగులు, వాటి మధ్య సగం అరిగిన రెండు చేపపిల్లలు.

"రెండేండ్ల నుంచి పెండ్లి భోజనమమ్మా వీటికి. నీ పిల్లలు కూర, నీ పురుగులు అన్నం."

యశోదమ్మ మెట్టు మీద కూలబడింది. "దొంగలకి నేనే కూచోబెట్టి వడ్డించినానా!"

"ఈ ఏడు పిల్లల్ని వెయ్యొద్దు. వల లాగితే ఇవి బురదలో దూరతాయి. నీళ్లు తోడేస్తే పాకుకుంటా పక్క చెరువుకి పోతాయి. వీటిని యాడని ఎతికేది?"

ఆమె చివ్వున లేచింది. "ఎతికేదెందుకప్పా? నేను పిలిస్తే వస్తాయి గదా!"

మరునాడు మెట్ల ముందు నీటి అడుగున పెద్ద వల పరిచారు. నాలుగు మూలల తాళ్లు పట్టుకుని ఎనిమిదిమంది వంగి కూర్చున్నారు. అయిదున్నరకు డబ్బా మోగింది. నీళ్లు కదిలాయి, పొంగాయి.

"లాగేదా?" అన్నాడు ఆంజనేయప్ప.

"ఉండు. ఇవి చిన్నవి. పెద్దవి ఆఖర్న వస్తాయి."

ఇంకో గుప్పెడు. ఇంకో గుప్పెడు. నల్లటి వీపులు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

"ఇప్పుడు లాగండ్రా!"

వల లేచింది. బురదనీళ్లు మొహాల మీద చిమ్మాయి. ఒకడి చేతికి ముల్లు దిగింది, ఇంకొకడు జారి చేపల మీదే పడ్డాడు. అరుపులకు పొలాల్లో వాళ్లు పరుగెత్తుకొచ్చారు. లెక్కపెడితే అరవై మూడు. ఒక్కటీ పక్క చెరువుకు చేరకుండా అక్కడే గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు.

రెండో రోజు నలభై ఒకటి. మూడో రోజు పద్దెనిమిది. నాలుగో రోజు నాలుగే, కానీ ఒక్కొక్కటి తొడంత. అయిదో రోజు డబ్బా కొట్టి పురుగులు ఒంపితే అవి అలాగే తేలుతూ ఉండిపోయాయి. బుధవారం లారీ వచ్చింది. ఎనిమిది వేల పిల్లలు నీళ్లలోకి దిగాయి.

నవంబరులో చేపలెంత ఎదిగాయో చూడటానికి వల లాగే రోజున బాలచంద్ర చంకలో ఫైలుతో వచ్చి కట్ట మీద నిలబడ్డాడు. ఈసారీ వల ఖాళీగా వస్తే ఇవ్వడానికి లోపల కుంటను వెనక్కి తీసుకునే కాగితం ఉంది. వల సగం దూరం రాకముందే బరువెక్కి ఆగిపోయింది. కట్లలు వెండి పళ్లాల్లా ఎగిరెగిరి వల దాటుతున్నాయి. ఎనిమిదిమంది కాళ్లు తన్నిపెట్టి లాగినా అంగుళం జరగలేదు.

నడుము లోతు నీళ్లలోంచి యశోదమ్మ అరిచింది. "ఏమప్పా బాలచంద్రా, చూస్తా నిలబడతావేంది? ఆ ఫైలు పక్కన పెట్టి దిగు! మనుషులు చాలలా!"

బాలచంద్ర చెప్పులు విప్పాడు.