సైకిలు డబ్బా, నాలుగు బుట్టల టమాటాలు

మా అమ్మాయి పదో తరగతి చదివిన ఏడాది మా వంటింటి అరలో పాత పాలపొడి డబ్బా ఒకటి ఉండేది. ఇంట్లో అందరం దాన్ని సైకిలు డబ్బా అనేవాళ్ళం. అమ్మాయికి పై చదువు లెక్కల గ్రూపులోనే కావాలి. నేను పనిచేసే ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 4లో మా క్వార్టరుకు దగ్గరున్న బడిలో ఆ గ్రూపు లేదు. ఉన్న బడి మూడు సెక్టర్ల అవతల. బస్సు వేళలు ప్లాంటు షిఫ్టులకు కుదురుతాయి గాని బడి గంటలకు కుదరవు. నా సైకిలు నాతోపాటు డ్యూటీకి వెళ్ళాలి. కాబట్టి జూన్‌లో బడులు తెరిచేలోగా ఆమెకు ఒక సైకిలు కొనాలి, లేదంటే దగ్గర బడిలో దొరికిన గ్రూపు తీసుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. డబ్బా మాత్రం అందరం రోజూ ఒకసారి ఎత్తి చూసేవాళ్ళం.

డబ్బా నింపడానికి మేం పడిన పాట్లన్నీ ఇప్పుడు తలుచుకుంటే సరదాగానే ఉంటాయి. పేపరు మేడ మీదివాళ్ళు, మేము కలిపి వేయించుకునేవాళ్ళం. పొద్దున మాకు, మధ్యాహ్నం వాళ్ళకు. ప్లాంటులో చేతులు కడుక్కోమని ఇచ్చిన సబ్బు ఇంట్లో బట్టలకు వచ్చేది. మా వీధిలో ఎవరు మా సొంతూళ్ళకు, విజయనగరం వైపు వెళ్ళొచ్చినా చింతపండు, బెల్లం అందరికీ కలిపి తెచ్చేవారు. పళ్ళపొడి డబ్బా అడుగున ఏమీ లేదని మా ఆవిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టేది. దాన్ని తిరగేసి, తట్టి, చివరికి మూతతో కొట్టి మరీ చూసేది.

అన్నిటికంటే గట్టి పొదుపు మాత్రం టమాటాలది. చలికాలం మధ్యలో దుర్గ్‌లోని టోకు కూరల మండీకి చుట్టుపక్కల పొలాల నుంచి బండ్లకొద్దీ టమాటాలు దిగేవి. ధర ఎప్పుడు నేలకు దిగుతుందో ఏటేటా డైరీలో రాసుకుంటూ వచ్చాను గనక నాకు ఒక అంచనా ఉండేది. ఆ వారంలో ఒక బుట్ట తెచ్చి, మేడ మీదివాళ్ళూ మేమూ సగం సగం పంచుకునేవాళ్ళం. మేడ మీద ఉండేది మా జిల్లా మనిషే, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నయ్యా అనేవాడు. అతని షిఫ్టు వేరు, నా షిఫ్టు వేరు. ఇద్దరికీ ఒకే రోజు సెలవు ఎప్పుడూ పడదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ వారం ఎవరికి ముందు సెలవు వస్తే వాళ్ళు అడక్కుండా మండీకి వెళ్ళడమే.

ఆ ఏడు ముందు సెలవు నాది. చీకటుండగానే బయలుదేరాను. మండీలో టమాటాలు కొండలా పోసి ఉన్నాయి. ఒక ముసలి రైతు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "లే జా భయ్యా, దో లే జా. వాపస్ లే జానే కా భాడా భీ నహీ నికలేగా," అన్నాడు. తిరిగి తీసుకెళ్ళే బండి కిరాయికి కూడా సరిపోదని అతని గోల. ఒక బుట్ట ధరకు రెండు ఇచ్చాడు. వద్దనడానికి మనసొప్పలేదు. రెండూ క్యారియర్ మీద ఒకదాని మీద ఒకటి కట్టుకుని, సగం దారి సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరాను.

గేటు దగ్గర నాకంటే ముందే ఒక సైకిలు నిలబడి ఉంది. దాని మీద రెండు బుట్టలు. పక్కన చెమటలు తుడుచుకుంటూ మేడ మీది తమ్ముడు.

"అన్నయ్యా, నువ్వెందుకెల్లావు? ఇయాల నాకు సెలవు కదేటి!"

"నీకు సెలవేటి? నీది రేపు కదా!"

"మావోడొకడికి పెళ్ళుంటే డ్యూటీ మార్చుకున్నాను. సెప్పలేదేటి నీకు?"

"ఎక్కడ సెప్పావు? అడక్కుండా ఎల్లడమే కదా మన పద్ధతి!"

గుమ్మంలోకి వచ్చిన మా ఆవిడ నాలుగు బుట్టలూ చూసింది. మమ్మల్నిద్దరినీ చూసింది. "బాగుంది పద్ధతి. ఇంకో ఇద్దరికి సెలవుంటే మండీ అంతా మన గుమ్మంలోనే ఉండును," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నవ్వుతోందో, కోపంగా ఉందో వెనకనుంచి తెలియలేదు. కాసేపటికి పెద్ద కత్తిపీట, పసుపు డబ్బా, ఉప్పు పొట్లం పట్టుకుని వచ్చింది. అప్పుడు తెలిసింది.

ముక్కలు కోసి ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టడానికి ఖర్చేమీ లేదు. నిలవ పచ్చడికి మాత్రం నువ్వుల నూనె కావాలి, మిరపకాయలు కావాలి, వెల్లుల్లి కావాలి. అది నెలాఖరు. మా ఆవిడ అరలోంచి సైకిలు డబ్బా దింపింది. పుస్తకం ముందేసుకుని కూర్చున్న అమ్మాయి తల ఎత్తింది.

"అమ్మా, అది సైకిలు డబ్బా."

"తెలుసే. సైకిలెక్కడికీ పోదు. వేసంకాలం కూరలు కొనడం మానీస్తే ఇదే తిరిగొచ్చీస్తాది."

"రాకపోతే?"

"రాకపోతే రోజూ నేనే నిన్ను బుజాన మోసుకెళ్ళి బడిలో దింపుతాను. ముందా నూనె సీసా ఇలాగియ్యి."

అమ్మాయి సీసా ఇచ్చింది గాని, మూత పెట్టేటప్పుడు డబ్బా ఒకసారి ఊపి చూసింది. చప్పుడు బాగా తగ్గింది.

ఆ తరవాత వారం రోజులు మా బ్లాకు డాబా అంతా ఎర్రగా ఉంది. పాత చీరల మీద ముక్కలు ఆరబోశాం. కాకులు రాకుండా కాపలా కాసేది అమ్మాయే. ఒళ్ళో లెక్కల పుస్తకం, చేతిలో కర్ర. జామెట్రీలో వచ్చిన ప్రతి సందేహానికీ ఒక కాకి దెబ్బ తినేదని మేడ మీది తమ్ముడు వేళాకోళం చేసేవాడు. సాయంత్రం అందరం ఆ చీరల చుట్టూ చేరి ముక్కలు తిరగేసేవాళ్ళం. ఉప్పు వాసన, ఎండ వాసన, చలిగాలి. ఇంత ఖర్చు లేని పండగ నేను మళ్ళీ చూడలేదు.

పచ్చడి కలిపాక జాడీలు చాలలేదు. ఎదురింటి బెంగాలీ ఆవిడ దగ్గర ఒకటి, పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ దగ్గర ఒకటి తెచ్చాం. ఊరికే తిరిగి ఇవ్వడం మా ఆవిడకు చేతకాదు. అడుగున పచ్చడి ఉంచే ఇచ్చింది. వాళ్ళకూ ఊరికే ఉండడం చేతకాలేదు. ఒక ఇంటి నుంచి వడియాలు, ఒక ఇంటి నుంచి పెరటి ఆనపకాయ. అలా మార్చి దాకా కూరల బజారు వైపు పెద్దగా వెళ్ళలేదు. ఏప్రిల్‌లో టమాటా ధర చూసి ఊరంతా గుండెలు బాదుకుంటుంటే మా ఇంట్లో రోజూ టమాటా పచ్చడే. మా చిన్న బావమరిది చరోదా రైల్వే యార్డులో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఒక సీసా పట్టుకుపోతూ, "బావా, మీ ఇంట్లో తుమ్మినా ఎర్రగానే వస్తాదేటి?" అనేవాడు.

డబ్బా మళ్ళీ బరువెక్కింది. అమ్మాయి మంచి మార్కులతో పాసయింది. అయినా బడులు తెరిచే వారానికి కొత్త సైకిలుకు ఇంకా చాలా తక్కువే ఉంది. అప్పుడు బావమరిది కబురు తెచ్చాడు. వాళ్ళ క్వార్టర్ల లైనులో ఒక తెలుగు కుటుంబానికి బదిలీ అయింది. లేడీస్ సైకిలు అమ్మేస్తున్నారు, రేపే సామాను ఎక్కుతోంది.

అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ చరోదా వెళ్ళాను. చేతులూపుకుంటూ వెళ్ళొద్దని మా ఆవిడ చిన్న సీసాలో పచ్చడి ఇచ్చింది. వాళ్ళ వరండా నిండా మూటలే. సైకిలు గోడకు ఆనించి ఉంది. గంట బాగుంది, చైను బాగుంది. ఆ ఇంటావిడ చెప్పిన ధరకు మా డబ్బా చాలలేదు. కొంచెమే తేడా, అయినా తేడాయే. అమ్మాయి సైకిలు హ్యాండిల్ మీద పెట్టిన చెయ్యి మెల్లగా తీసేసింది.

నేను సీసా ఆవిడ చేతికిచ్చాను. మూత తీసి వాసన చూడగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది మీ ఇంటిదేటి? మీ బావమరిది కేరేజీలోంచి మా ఆయన రోజూ సగం తినీసొచ్చీవోడు! ఇంటికొచ్చి నా వంటకి వంకలెట్టీవోడు!"

"మా ఆవిడ చేసిందేనమ్మా."

"మేం ఎల్లేకాడ తెలుగోళ్ళెవరూ లేరంట. ఇంకో జాడీ ఉందేటి? ఉంటే ఆ తేడా నాకొద్దు."

ఒకే ఒక్క జాడీ మిగిలి ఉందని నాకు తెలుసు. వానాకాలానికని మా ఆవిడ దాచింది. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అంది, "ఉందత్తా! ఇప్పుడే తెస్తాను."

"అయితే ఆ సైకిలేసుకునే పో. జాడీతోటి వచ్చీ."

డబ్బాలో ఉన్నదంతా ఆవిడ చేతిలో పోశాను. అమ్మాయి సైకిలెక్కింది. నేను వెనకే బయలుదేరాను గాని యార్డు గేటు దాటేసరికే వెనకబడ్డాను. ఎంత పిలిచినా తల తిప్పలేదు. గంట మాత్రం దారి పొడుగునా మోగుతూనే ఉంది.

నేను ఇల్లు చేరేసరికి జాడీ అప్పటికే గుమ్మంలో ఉంది. మా ఆవిడ దాని మూతికి శుభ్రమైన గుడ్డ కడుతోంది. ఆఖరి జాడీ కదా, ఏమంటుందోనని చూశాను. ముడి బిగించి, లేచి వెళ్ళి సైకిలు ముందు చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పింది.

"బ్రేకులు బాగా పడతన్నాయేటే?"

"బాగా పడతన్నాయమ్మా."

"అయితే మెల్లగా ఎల్లు. పచ్చడొలికిందంటే ఆవిడ సైకిలియ్యదు."

పాత ట్యూబు ముక్కతో జాడీని క్యారియర్‌కు కట్టుకుని అమ్మాయి మళ్ళీ వెళ్ళిపోయింది. నేను కుళాయి దగ్గర నీళ్ళు తాగుతూ నిలబడ్డాను. వంటింట్లో మా ఆవిడ ఖాళీ డబ్బా బోర్లించి తుడుస్తూ, మేడ మీదికి వినపడేలా గట్టిగా కేకేసింది.

"తమ్ముడూ! వచ్చే చలికాలం మండీకి మీరిద్దరూ ఎల్లక్కర్లేదు. మనకిప్పుడు మూడో సైకిలుంది!"