ఆగని ప్రార్థన

ఇప్పుడు ఏ షోరూములోకి వెళ్లినా గోడ మీద వీడియో దానంతటదే తిరుగుతూ ఉంటుంది, దాని వంక చూసేవాడు ఉండడు. ఆ రోజుల్లో మాత్రం దాన్ని ఆగకుండా తిప్పడమే నా బతుకుతెరువు. డిగ్రీ చేతబట్టుకుని తిరిగి తిరిగి, చివరికి కర్నూలులో టీవీలు అద్దెకిచ్చే షాపులో కుదిరాను. ప్రదర్శన ఎక్కడుంటే అక్కడికి టీవీ, పెన్‌డ్రైవు మోసుకెళ్లి, వీడియో అయిపోగానే మళ్లీ మొదటికొచ్చేలా పెట్టి, పక్కనే కాపలా కూర్చోవాలి. (ఇంట్లో సాఫ్ట్‌వేర్ పని అని చెప్పుకున్నాను.) మా ఓనరన్నకు ఒకటే పట్టింపు, మధ్యలో తెర నల్లబడకూడదు. నా చేతిలో అప్పటికే ఒకసారి నల్లబడింది. "ఇంకోతూరి నల్లగయ్యిందంటే షాపుకు రావద్దప్పా, ఇంటికాడనే ఉండు," అన్నాడు. అరిచినా బాగుండేది, మెల్లగా అన్నాడు. దాంతో నాకు నిద్ర కరువైంది.

ఆ తర్వాత వచ్చిన పని కోడుమూరు దగ్గర ఒక పల్లె చర్చి పండగ. ఆవరణలో పాత ఫోటోలు, వాటి మధ్య మా టీవీ. అందులో తిప్పాల్సింది, కాలం చేసిన వాళ్ల పాస్టరు అయ్యగారి ప్రార్థన. ముందురోజు షాపులో వేసి చూశాను. చివర్లో తెర చీకటైపోయి, ఆ చీకట్లో అయ్యగారు ఏదో ఒక్క మాట అంటారు. నల్లతెర చూసిన కంగారులో ఆ మాట నా చెవికెక్కలేదు. ఆ ముక్క కత్తిరించేసి, కొసను తెచ్చి మొదటికి అతికించాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు టీవీ పెట్టగానే జనం మూగారు. "తలలు వంచి కండ్లు మూసుకుందాం," అన్నారు తెర మీది అయ్యగారు. అందరూ తలలు వంచారు, ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. వానల కోసం, రోగుల కోసం ప్రార్థన సాగి, "పనిలేని మా బిడ్డలకు పని దయచేయి తండ్రీ," అన్నచోట నా అతుకు. మళ్లీ మొదలు. కండ్లు మూసుకుందాం అని మళ్లీ వినపడగానే, అప్పటికే మూసుకున్నవాళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. మళ్లీ తిరిగింది. ఎవరూ కదలరు. నెత్తిన ఎండ. ముందు వరుసలో ఒక అవ్వ చేతికర్ర మీద అటూ ఇటూ ఊగుతోంది. నాకు చెమటలు పట్టాయి. పక్కనున్న సంఘపెద్ద దగ్గరకెళ్లి, ఎంతసేపు నిలబడతారని గుసగుసగా అడిగాను.

"అయ్యగారు ముగించాల కదప్పా," అన్నాడాయన కండ్లు తెరవకుండానే. "బతికున్నప్పుడూ ఇంతే, శానాసేపు చేస్తాండ్రి. ఆమెన్ అనకుండా యాడ కదిలేది?"

నేను కత్తిరించిన మాట ఏదో అప్పుడు తెలిసింది. టీవీ ఆపుదామా అంటే పని ఎలా సాగుతోందో చూద్దామని వచ్చిన ఓనరన్న గేటు దగ్గర చేతులు కట్టుకుని తెరనే చూస్తున్నాడు. ఆపితే నా ఉద్యోగం పోతుంది, ఆపకపోతే అవ్వ పోయేలా ఉంది. నా నుదుటిన చూస్తే పొద్దున అమ్మ పెట్టిన మా గ్రామదేవత సుంకులమ్మ బొట్టు. ఏమైతే అదైందని టీవీ వెనక గొంతుకూర్చున్నాను. "పని దయచేయి తండ్రీ," అని వినపడగానే, గొంతు వీలైనంత బొంగురు చేసి "ఆమెన్" అన్నాను. జనమంతా "ఆమెన్" అని కండ్లు తెరిచారు. అవ్వ అక్కడే కూలబడి హమ్మయ్య అంది.

ఆనందించడానికి తీరికేది? వెనకే ఇంకో గుంపు వచ్చి తలలు వంచింది. సాయంత్రం దాకా టీవీ వెనకే ఉండి ఆమెన్ అంటూనే ఉన్నాను. అన్నీ తీసేసే వేళకు ఆ అవ్వ కర్ర పొడుచుకుంటూ టీవీ వెనక్కి వచ్చింది. నన్నూ, నా బొట్టునూ పరకాయించి చూసింది. పట్టుబడ్డాననుకున్నాను.

"అయ్యగారి గొంతు నాకు తెల్దా నాయనా," అంది మెల్లగా. "అయినా అంత మనసు పెట్టి ఆమెన్ అన్నోళ్లను నేను యాడా చూడల్యా. నీకు గూడా పని ల్యాదా ఏమి?"

"ఉండాది అవ్వా, ఈ పొద్దుకు," అన్నాను. గేటు దగ్గర ఓనరన్న, "తెర బాగా తిరిగిందప్పా, రేపు బిరీన రా," అన్నాడు.

ఇప్పుడు ఆ షాపు నాదే. పనికి పెట్టుకున్న పిల్లల చేతిలో తెర నల్లబడితే నల్లబడనీ అంటాను. ఆ చీకటి క్షణంలో, టీవీ వెనక బొట్టుతో ముడుచుకు కూర్చున్న ఆ బక్కవాడు గుర్తొస్తాడు. వాడి కోసం ఇప్పటికీ నా పెదాలు ఆమెన్ అంటాయి.