దిగి చూద్దాం

“...దీవి అంటారా దాన్ని? మన మంచమంత లేదు!” అంటున్నారు మా అత్తగారు.

“మంచం మీద మాత్రం కాలు పెట్టమా?” అన్నారు మామగారు. అప్పటికే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. “దిగి చూద్దాం.”

మా మామగారికున్న జబ్బు ఇదొక్కటే. నీళ్ల మధ్య పొడినేల కనబడితే దిగి చూడకుండా ఉండలేరు. ఆయన గడియారాలు బాగుచేసి రిటైరయిన మనిషి. ఇంట్లో ఉంటే వీధి చివరి కొట్టుదాకా వెళ్లి రమ్మన్నా బద్ధకిస్తారు. పడవెక్కితే మాత్రం రాయి వదలరు, దిబ్బ వదలరు. కంటికి తన పాత భూతద్దం తగిలించుకుని, గవ్వ దొరికితే గవ్వని, పీత దొరికితే పీతని, లోపల ఏ చక్రం అరిగిందో అన్నట్టు తిప్పి తిప్పి చూస్తారు.

ఏటా వేసవిలో ఈ పడవ విహారం మొదలుపెట్టించింది నేనే. అల్లుడిగా ఆ ఇంట్లో మొదటిసారి కాలు పెట్టిన రోజే, తుఫానులో పడవ నడిపానని చెప్పాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. చెప్పాక అత్తగారు ముచ్చటపడి, “అయితే నన్ను ఆ చివరి దీవికి తీసుకెళ్లు నాయనా, అక్కడి లైట్‌హౌస్ ఎక్కాలని ఎన్నాళ్లనుంచో కోరిక” అన్నారు. అప్పట్నించీ ప్రతి వేసవీ బయల్దేరుతున్నాం. మామగారు దిగి చూసి, దిగి చూసి, ఎక్కేసరికి మధ్యాహ్నం గాలి లేస్తుంది. పడవ నడిపే సరంగు ఇక ముందుకు పోనంటాడు. లైట్‌హౌస్‌ని అగ్గిపుల్లంత చూసి తిరిగొస్తాం.

ఈసారి అత్తగారి మోకాళ్లు చూసిన డాక్టరు, “ఎక్కాల్సిన మెట్లేమైనా మిగిలుంటే ఈ ఏడే ఎక్కెయ్యండమ్మా” అన్నాడు. దాంతో నాయకత్వం నేను తీసుకున్నాను.

“మామయ్యగారూ, ఇవాళ మధ్యలో దిగేది లేదు.”

“కాసేపాగి వెళ్దాం. నీకు గవ్వలంటే ఇష్టం కదూ?”

“నాకా? గవ్వలు చిన్నపిల్లలు ఏరుకుంటారండీ.”

“పోనీ, నాకిష్టం అనుకో.”

“మీ ఇష్టం వల్లే అత్తయ్యగారి కోరిక అలా ఉండిపోయింది!”

అత్తగారు నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? అలని ఎటునుంచి దాటాలో సరంగుకే పాఠం చెప్పాను. అతను పాపం తలూపాడు. మామగారు చెప్పులు తొడుక్కుని కూర్చున్నారు గాని, దీవుల్ని చూడ్డం మానేసి నా మొహంకేసే చూస్తున్నారు. అలిగారనుకున్నాను.

ఇంకో రెండు దిబ్బలు దాటాం. మూడోది దాటుతుంటే, పొద్దున తిన్నదంతా కడుపులో ఒక్కసారిగా లేచి నిలబడింది. నా పాఠం ఆగిపోయింది.

“ఏంటి, కెప్టెన్‌గారిది మౌనవ్రతమా?” అంది నా పక్కనే కూర్చున్న మా ఆవిడ.

నోరు తెరవకుండా నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

“దిగి చూద్దాం!” అని మామగారు లేచి నిలబడ్డారు. పడవ ఊగింది. పడవకంటే నేనెక్కువ ఊగాను.

“అది రాయండీ! పిట్టల రెట్టలు తప్ప ఏముంది దాని మీద?” అన్నారు అత్తగారు.

“ఆ పిట్టల్నే చూడాలి. అల్లుడు తోడొస్తాడు. ఆ గొడుగిలా ఇవ్వు.”

“నాన్నా, నీకసలు జాలుందా? అమ్మ మోకాళ్లు...”

“తిట్టుకుంటూ ఉండండి, ఇట్టే వచ్చేస్తాం.”

నా జబ్బ పట్టుకుని రాయి మీదికి లాగారు. పడవకి అడ్డంగా గొడుగు విప్పారు. ఆ గొడుగు చాటున నేను వంగాను. ఆయన మాత్రం ఆకాశంలోకి చూస్తూ గొంతు పెంచారు. “ఆహా! ఏం ముక్కు! ఏం ముక్కు దీనికి!” నేనెంత గట్టిగా కక్కితే ఆయన అంత గట్టిగా పిట్టని పొగిడారు. బెదిరిపోయి పిట్టలన్నీ ఎగిరిపోయాయి. ఆయన పొగడ్డం ఆపలేదు.

“నోరు పుక్కిలించు,” అన్నారు మెల్లిగా, నీళ్ల సీసా అందిస్తూ. “తుఫానులోనూ ఇంతేనా?”

తలెత్తలేకపోయాను. “మీకెప్పుడు తెలిసింది?”

“మొదటిసారే. నువ్వు మాటలాపావంటే కాసేపట్లో ఇదే. నడిచే గడియారం ఆగితే నాకు తెలీదా?”

“మరి ఆ గవ్వలూ, పీతలూ?”

“వాటి పేర్లు కూడా తెలీవురా నాకు. నేలమీద నిలబడితే నీకు సర్దుకుంటుంది కదాని దిగేవాణ్ణి.”

“దానికి ఇన్ని తిట్లు తిన్నారా?”

“మీ అత్తయ్య తిట్లు నాకు అలవాటే. నువ్వే, పాపం, అంత పెద్ద తుఫాను చెప్పుకున్నావు.”

పడవలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “వచ్చే ఏడు ఈయన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తా! గాలి లేస్తే ఇవాళ్టికీ ఇంతే!”

“వస్తున్నాం, వస్తున్నాం,” అంటూ మామగారు గొడుగు ముడిచారు. అలవాటైన తప్పుచేసిన మొహం ఒకటి పెట్టుకుని, పడవకేసి అడుగేశారు.

నేను రాయి మీదే చతికిలబడ్డాను. రెట్టలు చూసుకునే ఓపిక కూడా లేదు.

“అత్తయ్యగారూ!” అని కేకేశాను. “నాకు పడవ పడదు. ఎప్పుడూ పడలేదు. మామయ్యగారు దిగిందల్లా నాకోసమే. గాలి లేవకముందే మీరంతా వెళ్లి లైట్‌హౌస్ ఎక్కి రండి. తిరిగొచ్చేదాకా నేనీ రాయి మీదే ఉంటాను.”